ఆర్‌వీ ప్రయాణాల్లో ఎలక్ట్రిక్ సైకిళ్లు

నిర్వచనం, పరిధి

వంట, పడక, స్నానం వసతులున్న ప్రయాణ వాహనాన్ని ఉత్తర అమెరికాలో రిక్రియేషనల్ వెహికల్ అని, క్లుప్తంగా ఆర్‌వీ అని పిలుస్తారు. సొంత ఇంజన్ ఉన్న మోటార్‌హోమ్‌లు, కారుకో పికప్ ట్రక్కుకో తగిలించి లాగే ట్రెయిలర్లు రెండూ ఈ కోవలోవే. తెలుగునాట కారవాన్ అంటే సినిమా షూటింగుల దగ్గర నటీనటుల విశ్రాంతికి నిలిపే బస్సుగానే ఎక్కువమందికి తెలుసు. ఇక్కడ చెప్పేది కుటుంబాలు స్వయంగా నడుపుకుంటూ వారాలు, నెలల తరబడి తిరిగే బండ్ల గురించి.

పెడల్స్, మోటారు, చార్జింగ్ బ్యాటరీ మూడూ ఉన్నదే ఎలక్ట్రిక్ సైకిల్. పెడల్స్ లేని ఎలక్ట్రిక్ స్కూటర్లు ఈ వ్యాస పరిధిలోకి రావు.

ఆర్‌వీని క్యాంపులో నిలిపాక మళ్లీ కదపడం పెద్ద పని. కరెంటు తీగ, నీటి గొట్టం, మురుగు గొట్టం విప్పాలి. చక్రాల కింద ఎత్తు సరిచేసిన దిమ్మెలు తీయాలి. లోపలి సామానంతా కదలకుండా సర్దాలి. ఇంతా చేసి పాలు, కూరగాయల కోసం పది మీటర్ల బండిని ఊళ్లోకి తీసుకెళితే నిలిపే చోటు దొరకదు. క్యాంపు నుంచి ఊరికి, చెరువుకి, కొండ దారి మొదటికి ఉండే ఆ అయిదు, పది, పదిహేను కిలోమీటర్ల దూరాన్ని పూడ్చడమే ఆర్‌వీ ప్రయాణంలో ఎలక్ట్రిక్ సైకిల్ పని.

చరిత్ర

రెండు వాహనాల చరిత్రలూ చాలాకాలం వేరువేరుగా నడిచాయి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ జూనియర్ వెనుక చక్రంలో మోటారు అమర్చిన బ్యాటరీ సైకిల్‌కు 1895 డిసెంబరు 31న పేటెంటు పొందాడు. ఆనాటి బ్యాటరీల బరువు, పెట్రోలు ఇంజన్ల చవక కారణంగా అది వాడుకలోకి రాలేదు. ఇటు పియర్స్-ఆరో కంపెనీ 1910లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించిన టూరింగ్ లాండో అనే కారును అమెరికా ఆర్‌వీ పరిశ్రమ తన తొలి వాహనాల్లో ఒకటిగా లెక్కిస్తుంది. వెనుక సీటు పరిస్తే అందులో పడక అయ్యేది.

ఎలక్ట్రిక్ సైకిల్‌ను నిత్య వాడుకకు తెచ్చిన మలుపు 1993లో జపాన్‌లో వచ్చింది. యమహా కంపెనీ విడుదల చేసిన పాస్ సైకిల్, తొక్కేవారి కాలు పెడల్ మీద ఎంత బలం పెడుతోందో సెన్సర్‌తో కొలిచి, దానికి తగినంత సాయాన్ని మోటారు నుంచి అందించింది. సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీ తర్వాతి కాలంలో చవకై సైకిళ్లలోకి చేరడంతో బరువు సమస్య చాలావరకు తీరింది.

ఆర్‌వీ యజమానులు అంతకుముందు మోటార్‌హోమ్ వెనుక చిన్న కారును లాక్కెళ్లేవారు. ఇప్పటికీ అమెరికాలో చాలామంది పద్ధతి అదే. మామూలు సైకిళ్లు తీసుకెళ్లేవారూ ఉన్నారు గాని, ఆర్‌వీలు వాడేవారిలో పదవీ విరమణ చేసినవారు గణనీయంగా ఉంటారు. కొండ ప్రాంతపు క్యాంపుల్లో వారికి మామూలు సైకిల్ కష్టమయ్యేది. కోవిడ్ కాలంలో సొంత బండిలో ప్రయాణాల మీద మోజు పెరిగి, 2021లో ఉత్తర అమెరికా కర్మాగారాల నుంచి అమ్మకానికి బయలుదేరిన ఆర్‌వీల సంఖ్య 6 లక్షలు దాటింది. అప్పటికి మడతపెట్టే ఎలక్ట్రిక్ సైకిళ్లు కూడా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఈ రెండూ కలిసి రావడంతో వాడుక విస్తరించింది.

ఆర్‌వీ రకాలు, సైకిల్‌కు చోటు

అమెరికాలో మోటార్‌హోమ్‌లు మూడు తరగతులు. బస్సంత ఉండేది క్లాస్ ఏ. వ్యాన్‌ను మలిచి కట్టింది క్లాస్ బీ. ట్రక్కు ముందు భాగాన్ని అలాగే ఉంచి వెనుక గది కట్టింది క్లాస్ సీ. లాగే బండ్లలో కొక్కేనికి తగిలించే ట్రావెల్ ట్రెయిలర్, పికప్ ట్రక్కు తొట్టి మీద ఆనించే ఫిఫ్త్ వీల్ ముఖ్యమైనవి. వెనుక తలుపే దిగుడు పలకగా తెరుచుకునే టాయ్ హాలర్ అనే ట్రెయిలర్‌లోకి సైకిళ్లను నేరుగా నడిపించి తాళ్లతో కట్టేయవచ్చు. సైకిల్ పరంగా చూస్తే ఇదే అన్నిటికన్నా సుఖం. క్లాస్ బీ వ్యాన్లలో చోటు తక్కువ కాబట్టి మడత సైకిళ్లు, వెనుక తలుపుకు అమర్చే రాక్‌లు కనిపిస్తాయి. యూరప్ మోటార్‌హోమ్‌ల వెనుక భాగంలో పడక కింద గ్యారేజీ అనే పెద్ద అర ఉండటం సాధారణం. సైకిళ్లు అందులో వానకు తడవకుండా, దొంగల కంట పడకుండా ఉంటాయి.

ఎలక్ట్రిక్ సైకిళ్ల రకాలు

మోటారు చక్రం మధ్యలో ఉంటే హబ్ మోటారు, పెడల్స్ దగ్గర ఉంటే మిడ్ డ్రైవ్. హబ్ మోటారు చవక, మరమ్మతు తేలిక. మిడ్ డ్రైవ్ బలం గేర్ల గుండా పోతుంది కాబట్టి ఎత్తు ఎక్కడంలో మెరుగు. కాకపోతే దాని గొలుసు త్వరగా అరుగుతుంది.

ఆర్‌వీ యజమానుల్లో 20 అంగుళాల చక్రాల మడత సైకిళ్లకు ఆదరణ ఎక్కువ. 2019లో మార్కెట్లోకి వచ్చిన లెక్ట్రిక్ ఎక్స్‌పీ వీటిలో బాగా తెలిసినది. అయితే మడత అనగానే తేలిక అనుకోకూడదు. లావు టైర్లున్న మడత సైకిళ్లు 30 కిలోల దగ్గర తూగుతాయి, మడిచినా ఒక్కరే ఎత్తి అరలో పెట్టడం శ్రమే. కొనేటప్పుడు జనం వేగం, దూరం చూస్తారు. ఆర్‌వీలో వాడే సైకిల్‌కు మాత్రం మొదట చూడాల్సిన అంకె బరువు. కారణం తర్వాతి భాగంలో ఉంది.

మోసుకెళ్లే పద్ధతులు, బరువు లెక్క

ఎలక్ట్రిక్ సైకిల్ ఒక్కొక్కటి 20 నుంచి 35 కిలోలు ఉంటుంది. రెండు సైకిళ్లు, ఇనుప రాక్ కలిపితే 80 కిలోలు సులభంగా దాటుతుంది. సైకిల్‌ను పై గొట్టం పట్టుకుని వేలాడదీసే పాత తరహా రాక్‌లు ఈ బరువుకు తగవు. చక్రాల కింద పళ్లెంలా ఉండే ప్లాట్‌ఫాం రాక్‌లు వాడాలి. వాటిని బండి వెనుక ఉండే హిచ్ రిసీవర్ అనే 2 అంగుళాల చదరపు గొట్టంలో బిగిస్తారు. ఆర్‌వీ నిచ్చెనకు తగిలించే రాక్‌లు తేలిక సైకిళ్లకే పనికొస్తాయి.

రాక్ మీద రాసి ఉన్న బరువు పరిమితిని చూసి ధీమా పడటం తగదు. కారు వెనుక సరిపోయిన రాక్ ట్రెయిలర్ వెనుక సరిపోకపోవచ్చు. ట్రెయిలర్ చివరి భాగం గతుకుల్లో కారుకన్నా చాలా ఎక్కువగా ఎగిరిపడుతుంది కాబట్టి, తయారీదారులు ఆర్‌వీ వాడకానికి విడిగా తక్కువ పరిమితి ఇస్తారు, లేదా ఆ వాడకాన్నే నిషేధిస్తారు. చాలా ట్రావెల్ ట్రెయిలర్ల వెనుక ఉండే 4 అంగుళాల చదరపు గొట్టపు బంపర్ మురుగు పైపు దాచుకోవడానికి పెట్టిన పలుచని రేకు. దాని వెల్డింగు తెగి సైకిళ్లు, బంపరు కలిసి హైవే మీద పడితే వెనుక వచ్చేవారి ప్రాణానికి ముప్పు. ఎలక్ట్రిక్ సైకిళ్ల బరువును బండి చట్రానికే వెల్డు చేసిన రిసీవర్ మీద పెట్టాలి.

ఇంతకన్నా తక్కువమందికి తెలిసిన విషయం టంగ్ వెయిట్, అంటే ట్రెయిలర్ ముందు కొక్కెం మీద మోపే బరువు. ట్రావెల్ ట్రెయిలర్‌కు ఇది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలన్నది నియమం. అంతకు తగ్గితే వేగంలో ట్రెయిలర్ అటూఇటూ ఊగడం మొదలవుతుంది, ఒక్కోసారి లాగే వాహనాన్ని కూడా తిప్పి పడేస్తుంది. ఉదాహరణకు 2,500 కిలోల ట్రెయిలర్ కొక్కెం మీద 280 కిలోలు పడుతున్నాయనుకుందాం. ఇరుసుకు 4 మీటర్ల వెనుక 80 కిలోల రాక్ పెడితే, ఇరుసు నుంచి కొక్కేనికి 5 మీటర్ల దూరం ఉన్నప్పుడు, ముందు భాగం మీద 64 కిలోలు తగ్గుతాయి. మిగిలేది 216 కిలోలు. 2,580 కిలోల మొత్తం బరువులో ఇది 8.4 శాతం. నిన్నటిదాకా నిలకడగా నడిచిన బండి రెండు సైకిళ్లతో ప్రమాదకరంగా మారిందన్నమాట. అందుకే అనుభవజ్ఞులు సైకిళ్లకు ట్రెయిలర్ ముందు త్రికోణపు చట్రం మీద అమర్చే రాక్‌ను, లేదా పికప్ తొట్టినే ఎంచుకుంటారు. ముందు పెట్టినప్పుడు కొక్కెం బరువు పెరుగుతుంది కాబట్టి లాగే వాహనం పరిమితిని మళ్లీ చూసుకోవాలి.

మోటార్‌హోమ్‌కు ఇదే సూత్రం మరోలా వర్తిస్తుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య 4 మీటర్లుండి, వెనుక ఇరుసుకు 2 మీటర్ల వెనుక 60 కిలోలు పెడితే వెనుక ఇరుసు మీద 90 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 30 తగ్గుతాయి.

ప్రయాణంలో బ్యాటరీ తీసి బండి లోపల ఉంచడం మంచి అలవాటు. సైకిల్ 3, 4 కిలోలు తగ్గుతుంది, బ్యాటరీ పట్టు గతుకులకు వదులు కాదు, వాన నీరు కనెక్టర్లలోకి చేరదు. రాక్ వల్ల నంబరు ప్లేటు, వెనుక దీపాలు కనబడకపోతే విడిగా అమర్చాలి.

చార్జింగ్, విద్యుత్ లెక్క

ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చెబుతారు. 36 వోల్టులు, 14 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సుమారు 500 వాట్-అవర్లు ఉంటాయి. మితమైన సాయంతో తొక్కితే కిలోమీటరుకు 10 వాట్-అవర్లు ఖర్చు అనుకుంటే 50 కిలోమీటర్లు వస్తుంది. ఎదురుగాలి, ఎత్తు, లావు టైర్లు, పెడల్ తొక్కకుండా థ్రాటిల్‌తోనే పోవడం ఈ దూరాన్ని సగానికి తగ్గించగలవు. 2 ఆంపియర్ల చార్జరుతో ఇలాంటి బ్యాటరీ నిండటానికి 7 గంటలకు పైగా పడుతుంది, 4 ఆంపియర్ల చార్జరుతో దాదాపు సగం.

క్యాంపులో కరెంటు కనెక్షన్ ఉంటే చెప్పుకోవాల్సిన ఇబ్బంది లేదు. అమెరికాలో 120 వోల్టుల 30 ఆంపియర్ల కనెక్షన్ 3,600 వాట్లు ఇస్తుంది. సైకిల్ చార్జరు 100, 200 వాట్లకు మించదు.

కరెంటు లేని చోట, అడవి అంచుల్లోనో ఎడారిలోనో నిలిపినప్పుడు లెక్క మారిపోతుంది. ఆర్‌వీలో దీపాలు, నీటి పంపు నడిపే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టరు ద్వారా సైకిల్‌ను చార్జ్ చేయాలి. ఇన్వర్టరులో కొంత, చార్జరులో కొంత వేడిగా పోతుంది. 500 వాట్-అవర్లు నింపడానికి దాదాపు 650 వాట్-అవర్లు, అంటే 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్-అవర్లకు పైగా తీయాలి. 100 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి ఒక్క సైకిల్ నిండేసరికి ఆర్‌వీ బ్యాటరీలో వాడుకోదగినదంతా అయిపోతుంది, రాత్రి హీటరు ఫ్యాన్ తిరగడానికి మిగలదు. అంతే సామర్థ్యమున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే సగమే ఖర్చవుతుంది. కప్పు మీది 200 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండ రోజున నష్టాలు పోను 700 వాట్-అవర్ల వరకు ఇవ్వవచ్చు. అదీ ఒక సైకిల్‌కే సరి. భార్యాభర్తలిద్దరూ రోజూ తొక్కాలనుకుంటే ప్యానెళ్లు, బ్యాటరీలు రెట్టింపు కావాలి, లేదా బండి రోడ్డెక్కినప్పుడు ఇంజన్ ఆల్టర్నేటర్ నుంచి ఆర్‌వీ బ్యాటరీని నింపుకోవాలి. జనరేటరు మరో దారి. అమెరికా జాతీయ పార్కుల క్యాంపుల్లో దాన్ని నడపడానికి వేళలు నిర్ణయించి ఉంటాయి.

ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్ రకం కావడం మేలు. చవక రకం ఇన్వర్టర్ల మీద కొన్ని చార్జర్లు వేడెక్కుతాయి, కొన్ని అసలు పనిచేయవు.

బ్యాటరీ భద్రత

లిథియం-అయాన్ బ్యాటరీలో ఒక సెల్ దెబ్బతిని అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కు పాకుతుంది. ఇలా మొదలైన మంటను ఆర్పడం కష్టం. ఇల్లయితే మరో గదిలోకి పోవచ్చు. ఆర్‌వీలో పడక, వంటగ్యాసు, తలుపు అన్నీ కొన్ని అడుగుల్లోనే ఉంటాయి. నిద్రపోతూ తలుపు దగ్గర బ్యాటరీ చార్జింగులో పెట్టడం అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. మెలకువగా ఉన్నప్పుడు, బయటకు పోయే దారికి అడ్డం లేకుండా, తయారీదారు ఇచ్చిన చార్జరుతోనే చార్జ్ చేయాలి. కింద పడిన, తడిసిన, ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు.

సైకిల్ విద్యుత్ వ్యవస్థకు యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271 అనేవి అమెరికాలో ప్రమాణాలు. వరుస అగ్నిప్రమాదాల తర్వాత న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి ఈ ధ్రువీకరణ లేని సైకిళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

ఉష్ణోగ్రత విషయం ఆర్‌వీ యజమానులకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. సున్నా డిగ్రీల కన్నా చలిలో చార్జ్ చేస్తే బ్యాటరీ లోపల లిథియం లోహం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. అరిజోనా వేసవిలో తలుపులు మూసిన ఆర్‌వీ లోపల వేడి కూడా దానికి చేటే. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జితో చల్లని చోట ఉంచాలి.

అమెరికా చట్టాలు

2002 నాటి సమాఖ్య చట్టం ప్రకారం 750 వాట్లకు లోపు మోటారు ఉండి, మోటారు బలంతోనే గంటకు 32 కిలోమీటర్లు మించని సైకిల్‌ను మోటారు వాహనంగా కాక వినియోగ వస్తువుగా చూస్తారు. రోడ్డు మీది వాడకాన్ని రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. కాలిఫోర్నియా 2015లో చేసిన మూడు తరగతుల చట్టాన్ని తర్వాత చాలా రాష్ట్రాలు అనుసరించాయి. తొక్కితేనే 32 కిలోమీటర్ల వేగం వరకు సాయం చేసేది క్లాస్ 1. అంతే వేగంతో థ్రాటిల్ కూడా ఉన్నది క్లాస్ 2. తొక్కితే 45 కిలోమీటర్ల వరకు సాయం చేసేది క్లాస్ 3.

ఊరూరా తిరిగే ఆర్‌వీ ప్రయాణికులు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఒకే రోజు ప్రయాణంలో నేల యజమాని మారితే నియమం మారుతుంది. జాతీయ పార్కుల సంస్థ 2020 డిసెంబరులో అమల్లోకి తెచ్చిన నియమం ప్రకారం, ఏ దారిలో ఏ తరగతి సైకిల్‌ను అనుమతించాలో ఒక్కో పార్కు అధికారి నిర్ణయిస్తారు. కార్లకు అనుమతి లేని దారుల్లో పెడల్ తొక్కకుండా మోటారు మీదనే ఎక్కువ దూరం పోకూడదు. పక్కనే ఉన్న జాతీయ అటవీ భూముల్లో అటవీ సేవ ఎలక్ట్రిక్ సైకిల్‌ను మోటారు వాహనంగానే లెక్కిస్తుంది. కాలిబాటల్లో అయితే ప్రత్యేకంగా అనుమతించిన వాటిలోనే పోనిస్తుంది. 1964 చట్టం కింద నిర్జన ప్రాంతాలుగా ప్రకటించిన చోట మామూలు సైకిళ్లకూ ప్రవేశం లేదు.

జాతీయ పార్కుల్లో వాడుక

ఉటాలోని జయాన్ పార్కులో షటిల్ బస్సులు తిరిగే నెలల్లో లోయ రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు, సైకిళ్లకు అనుమతి ఉంది. కరెంటు కనెక్షన్లున్న వాచ్‌మన్ క్యాంపులో బండి నిలిపి, దగ్గరలోని పరూస్ బాట మీదుగా క్లాస్ 1 సైకిల్‌తో లోయలోకి వెళ్లవచ్చు. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున హెర్మిట్ రోడ్డు మార్చి నుంచి నవంబరు వరకు సొంత కార్లకు మూసి ఉంటుంది; ఆ 11 కిలోమీటర్ల దారిలో లోయ అంచు దృశ్యాలు అప్పుడు సైకిల్‌వారికి, బస్సు ప్రయాణికులకు, నడిచేవారికే అందుతాయి. మెయిన్ రాష్ట్రంలోని అకేడియా పార్కులో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ గుర్రపు బగ్గీల కోసం వేయించిన రాతి దారులు 72 కిలోమీటర్ల మేర ఉన్నాయి. కార్లకు ఏనాడూ తావివ్వని ఆ దారుల్లో క్లాస్ 1 సైకిళ్లను మాత్రం అనుమతించారు.

మోంటానాలోని గ్లేసియర్ పార్కు ఈ అంశానికి అన్నిటికన్నా చక్కని ఉదాహరణ. గోయింగ్-టు-ది-సన్ రోడ్డు కొండ భాగంలో 6.4 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు మించిన వాహనాలు పోకూడదు. కాబట్టి చాలా ఆర్‌వీలు కిందే ఆగిపోతాయి. వసంతంలో మంచు తొలగిస్తున్న వారాల్లో, కార్లను ఇంకా వదలని ఆ రోడ్డు మీద సైకిళ్లు పైకి వెళ్తాయి. ఎత్తు ఎక్కడం కఠినం కాబట్టి మోటారు సాయం విలువ అక్కడ బాగా తెలుస్తుంది. వేసవిలో పగటి రద్దీ వేళల్లో కొన్ని భాగాల్లో సైకిళ్లకూ నిషేధం ఉంది.

యూరప్

యూరోపియన్ యూనియన్‌లో 250 వాట్ల మోటారుతో, తొక్కితేనే సాయం చేస్తూ, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయే సైకిల్‌కు లైసెన్సు, నంబరు అక్కర్లేదు. 45 కిలోమీటర్ల రకానికి నంబరు ప్లేటు తప్పనిసరి. అమెరికా తరహా థ్రాటిల్ సైకిల్‌ను అక్కడ మామూలు సైకిల్‌గా చూడరు.

అక్కడి పెద్ద చిక్కు బరువు. మామూలు కారు లైసెన్సుతో నడిపే మోటార్‌హోమ్‌కు దీర్ఘకాలంగా 3.5 టన్నుల పరిమితి ఉంది. నీళ్లు, మనుషులు, సామాను ఎక్కాక మిగిలే కొద్ది కిలోల్లోనే సైకిళ్లు సరిపెట్టాలి. ఇటలీ, స్పెయిన్‌లలో రాక్ వెనుకకు పొడుచుకు వస్తే 50 సెంటీమీటర్ల చదరపు ఎరుపు-తెలుపు చారల పలక తగిలించాలి. ఇవి సరిచూసుకుంటే సౌకర్యాలు విస్తారం. జర్మనీలో నదీతీరపు ఊళ్లు మోటార్‌హోమ్‌ల కోసం ప్రత్యేక నిలుపు స్థలాలు ఏర్పాటు చేశాయి. అట్లాంటిక్ నుంచి నల్లసముద్రం వరకు సాగే యూరోవెలో 6 దారిలో, పస్సావ్ నుంచి వియన్నా దాకా డాన్యూబ్ ఒడ్డు భాగం దాదాపు చదునుగా ఉండి చాలామంది సైకిల్ ప్రయాణికులను ఆకర్షిస్తుంది.

అభ్యంతరాలు

నిశ్శబ్దంగా వేగంగా వచ్చే సైకిళ్లు కాలినడక వారిని, గుర్రాలను, వన్యమృగాలను బెదరగొడతాయన్నది ప్రధాన ఆక్షేపణ. ఎలుగుబంట్లు తిరిగే దారుల్లో ఇది తీసిపారేయదగినది కాదు. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బులున్నవారికి ఇంతకుముందు అందని చోట్లు అందుతున్నాయన్నది సమర్థకుల మాట; అదీ నిజమే. పార్కులు క్లాస్ 1కు తలుపు తీసి థ్రాటిల్ రకాన్ని దూరంగా ఉంచడం ఈ రెంటి మధ్య కుదిరిన రాజీ.

భారతదేశం, తెలుగు ప్రయాణికులు

కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 250 వాట్ల లోపు బలం, 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాక 60 కిలోల లోపు బరువు ఉన్న బ్యాటరీ వాహనానికి, నిర్దేశించిన షరతులకు లోబడి, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. నివాస వాహనాల పర్యాటకం కోసం కేరళ 2021లో కారవాన్ విధానాన్ని ప్రకటించింది. ఈ రెంటినీ కలిపిన ప్రయాణం మన దేశంలో ఇంకా అరుదు. సైకిల్‌కు విడిగా దారులు లేకపోవడం అందుకు ఒక కారణం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వంటివి మినహాయింపులు.

అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లి కుటుంబంతో అద్దె ఆర్‌వీలో పార్కులు చూసే తెలుగు తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్లు మించిన లిథియం బ్యాటరీని తీసుకెళ్లనివ్వరు. కాబట్టి సైకిల్ బ్యాటరీని ఇక్కడి నుంచి పట్టుకెళ్లడం గాని, అక్కడ కొని తెచ్చుకోవడం గాని కుదరదు. అద్దె ఆర్‌వీకి సొంత రాక్ తగిలించడాన్ని ఒప్పంద పత్రం అనుమతిస్తుందో లేదో సంతకానికి ముందే చదువుకోవాలి. అనుమతి లేకపోతే పార్కుల సమీప ఊళ్లలో దొరికే అద్దె సైకిళ్లు వాడుకోవచ్చు. తీసుకునేటప్పుడు అది ఏ తరగతిదో సైకిల్ మీది ముద్రలో చూసుకోవాలి.